హెచ్చుతగ్గుల వైద్యం: గ్రీకు ఉపసర్గల్లో ఒక రోగసిద్ధాంతం



డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికి అంకితమైన సభలో మాట్లాడే అవకాశం ఏ తెలుగు వైద్యుడికైనా గౌరవం. అంతకు మించి అది బాధ్యత. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరి, 1948లో న్యూయార్కులో కన్నుమూసిన ఆ మహనీయుని జీవితకథ ఈ సభలో చాలామందికి తెలుసు. దాన్ని చక్కగా చెప్పినవారు నాకు ముందే ఉన్నారు. అందుకని నేను ఇవాళ మరో దారి ఎంచుకున్నాను. ఆయనా, ఆయన తరం వైద్య పరిశోధకులూ నిత్యం వాడిన మాటలకు ముందు నిలిచే చిన్న ముక్కల గురించి మాట్లాడతాను. హైపర్, హైపో, అన్, డిస్, యాంటీ. గ్రీకు భాష నుంచి వచ్చిన ఈ ఉపసర్గలు లేకుండా నేటి వైద్యశాస్త్రం ఒక్క పేజీ కూడా నడవదు. వైద్య కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థి మొదటి ఏడాదిలోనే వీటిని కంఠస్థం చేస్తాడు. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ, అన్ అంటే లేదు, డిస్ అంటే చెడింది అని ఒక పట్టిక రాసుకుని ముందుకు సాగిపోతాడు.

ఆ పట్టిక దగ్గర ఆగి ఆలోచించమని కోరడానికే ఈ ప్రసంగం. ఒక జబ్బు పేరు ముందు హైపర్ అని పెట్టినప్పుడు మనం కేవలం పేరు పెట్టడం లేదు. ఆరోగ్యం, రోగం ఒకే కొలబద్ద మీద ఉన్నాయనీ, రెంటికీ తేడా పరిమాణంలోనే తప్ప స్వభావంలో లేదనీ ఒక సిద్ధాంతాన్ని అంగీకరిస్తున్నాం. ఆ సిద్ధాంతానికి ఒక పుట్టుక ఉంది, ఒక చరిత్ర ఉంది, గొప్ప విజయాలు ఉన్నాయి, ఘోరమైన తప్పులూ ఉన్నాయి. పేరు గ్రీకుదే అయినా ఆ సిద్ధాంతం ప్రాచీన గ్రీకులది కాదు. ఇదే నేను మీ ముందు ఉంచదలచిన ప్రధాన విషయం.

ముందుగా ఈ ముక్కలు మనకు పరాయివి కావని చెప్పుకోవాలి. గ్రీకు, సంస్కృతం ఒకే మూలభాష నుంచి చీలినవి. గ్రీకు హైపర్, మన ఉపరి ఒకే పదానికి రెండు రూపాలు. హైపో, ఉప కూడా అంతే. డిస్ అన్నది దుస్. పెరి అన్నది పరి. ప్రో అన్నది ప్ర. అపో అన్నది అప. లేమిని చెప్పే అ, అన్ రెండు భాషల్లోనూ ఒకటే. మన వ్యాకరణ సంప్రదాయం ఉపసర్గలను ఇరవై రెండుగా లెక్కించింది. అంతకంటే ముఖ్యం, వాటి గురించి ఒక లోతైన చర్చ చేసింది. ఉపసర్గకు విడిగా అర్థం ఉందా లేదా అన్న ప్రశ్న మీద ఇద్దరు ప్రాచీనుల అభిప్రాయాలను యాస్కుడు నిరుక్తంలో నమోదు చేశాడు. విడదీస్తే ఉపసర్గకు నిశ్చితమైన అర్థం లేదని శాకటాయనుని మతం. విడిగా కూడా వాటికి నానావిధాలైన అర్థాలు ఉన్నాయని గార్గ్యుని మతం. వైద్యంలో ఈ ముక్కల చరిత్ర చూస్తే నాకు శాకటాయనుడే దగ్గరగా అనిపిస్తాడు. హైపర్ అన్న ముక్క ఏమీ చెప్పదు. దేనికంటే ఎక్కువ, ఎవరికి ఎక్కువ, ఎంతకు ఎక్కువ అన్నవి తెలిస్తేనే అది మాట్లాడుతుంది.

ప్రాచీన గ్రీకు వైద్యంలో ఈ ఉపసర్గలు చాలావరకు దిక్కులను, స్థానాలను చెప్పాయి. పక్కటెముకల మృదులాస్థికి కింద ఉన్న చోటు హైపోకాండ్రియం. ఉదరకుహరాన్ని చుట్టూ కప్పిన పొర పెరిటోనియం. ఛాతీకీ పొట్టకీ అడ్డంగా కట్టిన గోడ డయాఫ్రమ్. అక్కడ హైపో అంటే కొలతలో తక్కువ అని కాదు, కింద అని. మరి రోగాన్ని వాళ్లు ఎలా ఊహించారు? క్రోటన్ నగరానికి చెందిన ఆల్క్‌మియోన్ క్రీస్తుకు పూర్వం ఐదో శతాబ్దంలో, శరీరంలోని శక్తులన్నీ సమాన హక్కులతో ఉండడం ఆరోగ్యమనీ, ఏదో ఒకటి ఏకఛత్రాధిపత్యం చెలాయించడం రోగమనీ అన్నాడు. అది రాజనీతి నుంచి తెచ్చుకున్న ఊహ. హిప్పోక్రటీసు పేరిట నిలిచిన గ్రంథాల్లో వైద్యమంటే కూడిక, తీసివేత అన్న భావన ఉన్నా, కొలిచే సాధనం లేదు. చివరకు రోమ్‌లో స్థిరపడ్డ గాలెన్ ఆ సంప్రదాయమంతటినీ క్రోడీకరించినప్పుడు ప్రధానమైన మాట క్రాసిస్, అంటే మేళనం. చక్కని మేళనం యూక్రాసియా, చెడిన మేళనం డిస్క్రాసియా. గమనించండి, గ్రీకు వైద్యుడు రోగాన్ని తలచుకున్నప్పుడు అతని నోట మొదట వచ్చిన ఉపసర్గ హైపర్ కాదు, డిస్. అంటే దుస్. ఎంత పెరిగింది అన్నదానికంటే ఎలా చెడింది అన్నదే అతని ప్రశ్న.

ఆ భాష మన కాలానికి చేరిన దారి పొడవైనది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ గాలెన్ గ్రంథాలను సిరియాక్, అరబ్బీ భాషల్లోకి తెచ్చాడు. అక్కడి నుంచి లాటిన్‌లోకి, సలెర్నో, పాడువా వంటి విద్యాపీఠాలకు వెళ్లాయి. కాలక్రమాన ఒక వాడుక స్థిరపడింది: అవయవాల పేర్లకు ఎక్కువగా లాటిన్, రోగాల పేర్లకు ఎక్కువగా గ్రీకు. ఆ గ్రీకు ఎవరి ఇంట్లోనూ మాట్లాడని ప్రాచీన రూపం కాబట్టి దానితో కొత్త మాటలు కట్టడానికి ఏ జాతీ అభ్యంతరం చెప్పలేదు. పారిస్, బెర్లిన్, ఎడిన్‌బరో మూడూ దాన్ని తమదిగా వాడుకున్నాయి. పందొమ్మిదో శతాబ్దం నాటికి గ్రీకు వైద్యుడెవరూ కలలోనైనా వినని గ్రీకు మాటలు వందలకొద్దీ పుట్టాయి. వాటిలో చాలా వాటి ముందు నిలిచినవి హైపర్, హైపో.

ఇది యాదృచ్ఛికం కాదు. 1780లో ఎడిన్‌బరోలో జాన్ బ్రౌన్ అనే వైద్యుడు లాటిన్‌లో ఒక గ్రంథం ప్రకటించాడు. ప్రాణమంటే ప్రేరణకు స్పందించే గుణమనీ, ఆ ప్రేరణ మితిమీరితే ఒక జాతి రోగాలు, తగ్గితే మరో జాతి రోగాలు వస్తాయనీ ఆయన వాదం. మొదటివాటిని స్తేనిక్ అనీ, రెండోవాటి ముందు అ చేర్చి అస్తేనిక్ అనీ అన్నాడు. వేల రోగాలు రెండుగా కుదించుకుపోయాయి. తర్వాతి తరంలో ఫ్రాన్సులో బ్రూసె అనే వైద్యుడు ఇదే సూత్రాన్ని మరింత బిగించాడు. రోగమంటే సహజ క్రియ హెచ్చడమో తగ్గడమో, ఎక్కువభాగం హెచ్చడమే, ముఖ్యంగా జీర్ణకోశంలో తాపం హెచ్చడం అన్నాడు. హెచ్చినదాన్ని తగ్గించడానికి ఆయన చేతిలోని సాధనం జలగ. ఆయన ప్రభావం ఎంతదంటే 1833లో ఫ్రాన్స్ 4 కోట్లకు పైగా జలగలను దిగుమతి చేసుకుంది. అసలే నీరసించిన రోగుల నుంచి రక్తం పీల్చిన ఆ వైద్యం ఎంతమందిని బలిగొన్నదో ఊహించుకోవలసిందే. బ్రూసె హెచ్చు అన్నాడే కానీ ఏది హెచ్చిందో కొలవలేదు. 1835లో పియెర్ లూయీ అనే ఫ్రెంచి వైద్యుడు న్యుమోనియా రోగులను లెక్కపెట్టి, రక్తం తీయడం వల్ల కలిగే మేలు చాలా స్వల్పమని చూపించినప్పుడు ఆ మహాప్రభ మసకబారడం మొదలైంది. కొలత లేని హైపర్‌ను లెక్క ఓడించింది.

అయినా సూత్రం చావలేదు, ప్రయోగశాలలోకి మారింది. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ కాలేయం చక్కెరను తయారుచేస్తుందని చూపాడు. ఆరోగ్యవంతుడి రక్తంలోనూ చక్కెర ఉంటుందనీ, ఒక హద్దు దాటినప్పుడే అది మూత్రంలోకి దిగుతుందనీ తేల్చాడు. అంటే మధుమేహి రక్తంలో ఉన్నది కొత్త పదార్థం కాదు, మనందరిలో ఉన్నదే. ఎక్కువగా ఉందంతే. హైపర్‌గ్లైసీమియా అన్న మాటకు ఆధారం ఇక్కడ దొరికింది. బ్రూసె చేతిలో ఊహగా ఉన్నది బెర్నార్డ్ చేతిలో అంకెగా మారింది.

ఈ సిద్ధాంతం సాధించిన విజయాల్లో అత్యుత్తమమైనది థైరాయిడ్ గ్రంథి కథ అని నా నమ్మకం. దాన్ని కొంచెం నిదానంగా చెప్పనివ్వండి.

1835లో డబ్లిన్‌లో గ్రేవ్స్, 1840లో జర్మనీలో బాసెడో ఒక రోగాన్ని వర్ణించారు. గొంతు దగ్గర వాపు, ముందుకు పొడుచుకువచ్చిన కళ్లు, గుండె దడ. దానికి వాళ్ల పేర్లే నిలిచాయి. 1873లో లండన్‌లో విలియం గల్ నడివయసు స్త్రీలలో మరో రోగాన్ని చూశాడు. ఉబ్బిన ముఖం, మందగించిన మాట, మొద్దుబారిన బుద్ధి, చలికి ఓర్వలేకపోవడం. కొన్నేళ్లకు విలియం ఆర్డ్ దానికి మిక్సిడీమా అని పేరు పెట్టాడు. ఈ రెండు రోగాలకూ సంబంధం ఉందని ఎవరనుకుంటారు? ఒకరి గుండె పరుగెత్తుతోంది, మరొకరి ఒళ్లు కదలనంటోంది. వైద్యగ్రంథాల్లో ఇవి వేరు వేరు అధ్యాయాలు.

ఇంతలో స్విట్జర్లాండ్‌లో కోకర్ అనే శస్త్రవైద్యుడు గలగండం ఉన్నవారికి థైరాయిడ్ గ్రంథిని మొత్తంగా తొలగించడంలో అసాధారణ నైపుణ్యం సంపాదించాడు. రోగులు బతికారు. కానీ కొంతకాలానికి తిరిగి పిలిపించి చూస్తే ఎందరో మందమతులై, ఉబ్బిపోయి, ఎదుగుదల నిలిచిపోయి కనిపించారు. 1883లో కోకర్ ఆ సంగతిని దాచకుండా ప్రకటించాడు. జెనీవాలో రెవెర్డాన్ అంతకుముందే ఇలాంటిదే గమనించాడు. శస్త్రచికిత్స వల్ల వచ్చిన ఈ స్థితికీ, గల్ చూసిన స్త్రీల స్థితికీ పోలిక ఉందని లండన్ వైద్యులు పట్టుకున్నారు. 1888లో అక్కడి క్లినికల్ సొసైటీ సంఘం రెండింటికీ కారణం ఒకటేనని, అది థైరాయిడ్ నష్టమని నిర్ణయించింది. అటు 1886లో లైప్‌జిగ్‌లో మోబియస్, గ్రేవ్స్ చెప్పిన రోగానికి థైరాయిడ్ అతిగా పనిచేయడమే కారణమని ప్రతిపాదించాడు. 1891లో న్యూకాజిల్‌లో జార్జ్ మరే గొర్రె థైరాయిడ్ సారాన్ని ఒక మిక్సిడీమా రోగికి ఎక్కించాడు. ఆమె కోలుకుని ఇరవై ఎనిమిదేళ్లు బతికింది.

వేరు వేరు అధ్యాయాలుగా ఉన్న రెండు రోగాలు అలా ఒకే కొలబద్దకు రెండు కొసలయ్యాయి. ఒకటి హైపర్, ఒకటి హైపో. ఇక్కడ ఉపసర్గ ఒక ఆవిష్కరణను తనలో దాచుకున్నది. గ్రేవ్స్ వ్యాధి అన్న పేరు మనకేమీ నేర్పదు. హైపర్‌థైరాయిడిజం అన్న పేరులో కారణం ఉంది, చికిత్స దిక్కు ఉంది, ఎదురుగా నిలిచే మరో రోగం ఉందన్న సూచన ఉంది. అంత చిన్న ముక్కలో అంత జ్ఞానం ఇమిడిన సందర్భాలు శాస్త్రచరిత్రలో అరుదు.

లోపాన్ని పూరించడం ఈ విజయంలో సగం. విటమిన్ల యుగమంతా ఆ సగమే. రెండో సగాన్ని, అంటే లోపాన్ని బుద్ధిపూర్వకంగా కల్పించి రోగాన్ని అణచడాన్ని, చూపినవారిలో సుబ్బారావుగారు అగ్రగణ్యులు. 1930 ప్రాంతాల్లో లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని కనిపెట్టింది. అందులోని పదార్థానికి 1941లో, పాలకూర ఆకుల నుంచి వేరుచేసినప్పుడు, ఫోలిక్ ఆమ్లం అని పేరు వచ్చింది. దాన్ని 1945లో లెడర్లీ అనే అమెరికన్ ఔషధ సంస్థ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకులు సుబ్బారావుగారు. అప్పటికి బోస్టన్‌లో పిల్లల ల్యుకీమియాతో పోరాడుతున్న సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలు ఇస్తే రోగం మరింత ఉధృతమవుతున్నట్టు గమనించాడు. ఇస్తే పెరుగుతున్నదంటే, అందకుండా చేస్తే? ఆ ప్రశ్నకు రసాయనిక సమాధానం లెడర్లీ నుంచి వచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన, కానీ దాని పని చేయని అమినాప్టెరిన్. 1948లో ఫార్బర్ ప్రకటించిన నివేదికలో 16 మంది పిల్లల్లో 10 మందిలో గుణం కనిపించింది. ఆ ఉపశమనం తాత్కాలికమే. కానీ అంతవరకు ల్యుకీమియా సోకిన పిల్లల విషయంలో ఆ మాత్రం కూడా ఎవరూ సాధించలేదు.

అమినాప్టెరిన్ జాతి మందులను యాంటీఫోలేట్లు అంటారు. గ్రీకులో యాంటీకి ఎదురు అని ఒక అర్థం, బదులు అని మరో అర్థం. ఈ మందు రెండు విధాలా యాంటీయే. ఫోలిక్ ఆమ్లం కూర్చోవలసిన చోట దానికి బదులుగా తాను కూర్చుంటుంది. కూర్చుని దాని పనికి ఎదురు తిరుగుతుంది. పేరు పెట్టినవారు ఇంత ఆలోచించి ఉండకపోవచ్చు. ఆ జాతికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్లలో, కీళ్లవాతంలో మన చేతి కింద మందు. కీళ్లవాతపు రోగికి వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ రాసి, దాని దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ ఆమ్లపు మాత్రలు కూడా రాస్తాం. అడ్డుకునేదీ, అడ్డుపడ్డదీ ఒకే చీటీ మీద ఉంటాయి. లోపాన్ని ఎంతవరకు కల్పించాలో, ఎక్కడ ఆపాలో తెలియడమే ఇక్కడ వైద్యం.

ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్న మనల్ని ఈ సిద్ధాంతపు బలహీనమైన చోటికి తీసుకువస్తుంది. కొలబద్ద ఒకటే అయితే దాని మీద గీత గీసేది ఎవరు?

రక్తపోటును తీసుకుందాం. 1896లో ఇటలీలో రీవా రోచ్చీ చేతికి కట్టే పట్టీని రూపొందించాడు. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొరోట్కోవ్ స్టెతస్కోప్‌తో ఆ పట్టీ కింద నాళంలో పుట్టే శబ్దాలు వినే పద్ధతి చెప్పాడు. అప్పటినుంచి రక్తపోటు అంకె అయింది. పెరిగిన రక్తపోటుకు కేంబ్రిడ్జి ఆచార్యుడు క్లిఫర్డ్ ఆల్‌బట్ హైపర్‌పైసియా అని పూర్తి గ్రీకు పేరు పెట్టాడు. అది నిలవలేదు. గ్రీకు హైపర్‌కు లాటిన్ టెన్షన్‌ను అతికించిన సంకర పదం నిలిచింది. పేరు ఏదైనా, అది రోగమా అన్నది చాలాకాలం తేలలేదు. గట్టిపడ్డ నాళాల గుండా రక్తాన్ని పంపడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు కావచ్చు, దాన్ని తగ్గిస్తే ప్రమాదం అని భావించిన పెద్ద వైద్యులు ఉండేవారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రక్తపోటు 1944 మార్చిలో 186/108. మరుసటి ఏడు ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై ఆయన మరణించిన రోజున 300/190. ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన దేశాధినేతకు ఇవ్వడానికి అప్పటి వైద్యం దగ్గర పనికివచ్చే మందు లేదు.

ఆ తర్వాతి దశాబ్దంలో ఇంగ్లండ్‌లో ఒక ప్రసిద్ధమైన వాదం నడిచింది. అధిక రక్తపోటు వంశపారంపర్యంగా వచ్చే ఒక ప్రత్యేక రోగమనీ, జనం రెండు జాతులుగా విడిపోతారనీ రాబర్ట్ ప్లాట్ వాదించాడు. జార్జ్ పికరింగ్ వేల అంకెలు ముందు పెట్టి, జనంలో రక్తపోటు ఎక్కడా తెగకుండా కింది నుంచి పైదాకా వరుసగా పరుచుకుని ఉందనీ, దాని మధ్య గీత గీయడం మన సౌకర్యమే తప్ప ప్రకృతిలో ఆ గీత లేదనీ అన్నాడు. కాలం పికరింగ్ పక్షాన నిలిచింది. దాని పర్యవసానం ఏమిటో ఆలోచించండి. ప్రకృతిలో గీత లేకపోతే హైపర్ అన్న ముక్కకు అర్థం ఇచ్చేది ఒక సమావేశంలో కూర్చున్న నిపుణుల నిర్ణయం.

ఆ నిర్ణయం నిరాధారమని నేను అనడం లేదు. 1967లో, 1970లో అమెరికాలో ఎడ్వర్డ్ ఫ్రైస్ నాయకత్వాన మాజీ సైనికులపై జరిగిన పరీక్షలు మందులతో పక్షవాతం, గుండె వైఫల్యం తగ్గుతాయని నిరూపించాయి. ఆ పరీక్షలో వాడిన మూడు మందుల్లో ఒకటి రిసర్పిన్, మన సర్పగంధి వేరు నుంచి వచ్చినది. ఆ వేరు రక్తపోటును తగ్గిస్తుందని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్ ద్వారా లోకానికి చెప్పినవాడు బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్. గీత గీయడం వల్ల లక్షల ప్రాణాలు నిలిచాయి, అందులో సందేహం లేదు. కానీ గీత కదులుతూ ఉంటుంది. 2003లో అమెరికన్ నిపుణుల సంఘం 120 నుంచి 139 వరకు ఉన్నవారికి ప్రీహైపర్‌టెన్షన్ అని కొత్త పేరు పెట్టింది. 2017లో అక్కడి హృద్రోగ సంఘాలు హద్దును 140/90 నుంచి 130/80కి దించాయి. యూరప్ 140/90 దగ్గరే నిలిచింది, మన దేశపు జాతీయ కార్యక్రమం కూడా అక్కడే ఉంది. పరగడుపు చక్కెర హద్దు 1979లో 140 మిల్లీగ్రాములు, 1997లో 126. శరీర బరువు సూచీ విషయంలో ఆసియావారికి 23 నుంచే జాగ్రత్త అవసరమని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు అన్నారు. సముద్రం దాటితే అదే మనిషి, అదే నెత్తురు, కానీ ముందున్న ఉపసర్గ మారిపోతుంది.

ఫ్రెంచి తత్త్వవేత్త, వైద్యుడు జార్జ్ కాంగ్విలేమ్ 1943లో వైద్య పట్టా కోసం సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో సరిగ్గా ఈ విషయాన్నే పరిశీలించాడు. బ్రూసె నుంచి బెర్నార్డ్ దాకా వచ్చిన హెచ్చుతగ్గుల సూత్రాన్ని విప్పి చూసి, రోగిని ఆరోగ్యవంతుడికి పెద్దదో చిన్నదో అయిన ప్రతిగా చూడలేమన్నాడు. రోగికి బతుకు వేరొక రకంగా ఉంటుంది, ఆ మార్పును మొదట గుర్తించేది ప్రయోగశాల కాదు, రోగి. వైద్య విద్యార్థులు ఆ పుస్తకం చదవాలని నా మనవి.

కాంగ్విలేమ్‌కు ఎంతో ముందే మన చరకసంహిత ఈ చిక్కును గుర్తించిందని నేను అనుకుంటాను. ఇంద్రియాలకు విషయాలతో, దేహానికి క్రియతో, ఋతువులతో కలిగే సంబంధం రోగానికి కారణమయ్యే తీరును సూత్రస్థానం మూడుగా చెప్పింది. అతియోగం, అయోగం, మిథ్యాయోగం. మొదటి రెండూ హైపర్, హైపోలకు దగ్గరివి. మూడోది వేరు. అది ఎక్కువా కాదు, తక్కువా కాదు, తగని రీతిలో కలగడం. ఈ మూడో గదిని ఎవరు మూసేసినా వైద్యం బ్రూసె దారిన పడుతుంది. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించిన సుబ్బారావుగారికి ఈ త్రివిధ విభజన పరిచయమే అయి ఉంటుంది.

ఆధునిక వైద్యం కూడా ఆ మూడో గదిని మళ్లీ తెరుస్తోంది. ఒకప్పుడు రక్తంలో కొవ్వు పెరగడాన్ని హైపర్‌లిపిడీమియా అనేవారు. హెచ్‌డీఎల్ అనే ఒక భాగం తగ్గినా ముప్పుకు సూచన అని తెలిశాక ఆ పేరు ఇమడలేదు. ఇప్పుడు డిస్‌లిపిడీమియా అంటున్నాం. గాలెన్ నాటి డిస్, చరకుని మిథ్య తిరిగి వచ్చాయి. ఇంతకంటే మన నేలకు దగ్గరి ఉదాహరణ పెల్లాగ్రా. ఎండ తగిలిన చోట చర్మం నల్లబారి పొలుసులుగా లేచే ఈ రోగం అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తినే పేదలకు వచ్చేది. నియాసిన్ లోపం కారణమని 1937 తర్వాత తేలింది. కానీ దక్కను పీఠభూమిలో, తెలంగాణలో అది జొన్నలు ప్రధానాహారంగా ఉన్నవారిలో కనిపించింది. జొన్నలో నియాసిన్ బియ్యంలో కంటే తక్కువేమీ కాదు, అన్నం తినేవారికి పెల్లాగ్రా రాలేదు. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన నేటి జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఆయన సహచరులు ఈ ముడిని విప్పడానికి పూనుకున్నారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉండడమే నియాసిన్ పనిని చెడగొడుతున్నదని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. ఆ వివరణ మీద తరువాత వాదోపవాదాలు నడిచాయి. అయినా ఆలోచన రీతి గొప్పది. ఒకదాని హెచ్చు మరొకదాని తగ్గుగా కనిపిస్తే దానికి ఏ ఉపసర్గ పెడతారు? అది పొందిక చెడడం. పేదవాడి పళ్లెంలో జొన్నరొట్టె పక్కన పప్పు, పాలు, కూర లేకపోవడం.

ఇక మన భాష దగ్గరికి వస్తాను. తెలుగు పలుకుబడిలో మాటకు ముందు ముక్క చేర్చడం సహజం కాదు. ద్రావిడ భాషలు ఏదైనా చివరనే చేరుస్తాయి. ఉపసర్గలు మనకు సంస్కృతంతో వచ్చినవి. అందుకే కాబోలు మన రోగులు గ్రీకు ఉపసర్గను ముందే రాల్చేసి మాట్లాడతారు. "నాకు బీపీ ఉందండీ", "మా అమ్మకు షుగరు", "పెళ్లయిన ఏడాదికి థైరాయిడ్ వచ్చింది". బీపీ అందరికీ ఉంటుంది, షుగరు అందరి రక్తంలోనూ ఉంటుంది, థైరాయిడ్ లేనివారు లేరు. రాలిపోయిన ఆ ముక్కలోనే రోగం ఉంది. బీపీ విషయంలో పెద్ద నష్టం లేదు, ఆ మాటకు హెచ్చు అనే అర్థం స్థిరపడింది. థైరాయిడ్ విషయంలో అలా కాదు. గ్రంథి అతిగా పనిచేసేవారికీ, అసలు పనిచేయనివారికీ ఇచ్చే మందులు ఒకదానికొకటి వ్యతిరేకం. పాత చీటీ పోగొట్టుకుని మరో ఊళ్లో వైద్యుడి ముందు కూర్చున్న మనిషి "థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా" అంటే ఏ మాత్రో ఆ మాటలో లేదు. పొటాషియం సంగతి మరీ సున్నితం. హైపర్‌కలీమియా, హైపోకలీమియా రెండూ గుండెను ఆపగలవు. రాత్రి పూట ఫోనులో నర్సుకు చెప్పే ఆదేశంలో ఈ రెండు మాటలకు మధ్య తేడా ఒక అక్షరమంత.

అలాగని మన రోగుల భాషను తప్పుపట్టను. అదే రోగి మరో సందర్భంలో ఎంత స్పష్టంగా మాట్లాడతాడో చూడండి. "నిన్న సాయంత్రం షుగరు పడిపోయింది, చెమటలు పట్టాయి." "రెండు నెలలుగా బీపీ పెరుగుతోంది." "నెత్తురు తగ్గింది." తెలుగు ఆ హెచ్చుతగ్గులను క్రియలో పెట్టింది, వాక్యం చివర. క్రియ కాలాన్ని చెబుతుంది. పెరిగింది అంటే ఒకప్పుడు తక్కువగా ఉండేదన్న సంగతి అందులోనే ఉంది, మళ్లీ తగ్గవచ్చన్న ఆశ కూడా ఉంది. హైపర్‌టెన్షన్ అన్న నామవాచకంలో ఆ కదలిక లేదు, అది మనిషికి తగిలించిన ముద్ర. రక్తహీనత అన్న మాట కూడా గ్రీకు అనీమియా కంటే మేలైనది. గ్రీకు మాట అక్షరాలా నెత్తురు లేదంటుంది, మన మాట కొరవడిందంటుంది.

కాబట్టి వైద్య కళాశాలల్లోని యువ మిత్రులకు, పరిభాష రూపొందించే పెద్దలకు నేను ఒక ప్రతిపాదన చేస్తున్నాను. గ్రీకు పదాలను తొలగించమని కాదు. అవి ప్రపంచమంతటా వైద్యుల ఉమ్మడి సొత్తు, వాటిని వదులుకుంటే మనమే నష్టపోతాం. ప్రతి ఉపసర్గకూ ఎదురుగా ఒక సంస్కృత ఉపసర్గను నిలబెట్టి, రోగికి రెండింతలు అపరిచితమైన కొత్త మాట కట్టవద్దనే నా వేడుకోలు. రోగి చేతికిచ్చే చీటీ మీద, పరీక్ష నివేదిక కింద, మూడు ముక్కలు తెలుగు వాక్యాల్లో రాయండి. ఏది పెరిగింది లేదా తగ్గింది. ఇప్పుడు ఎంత ఉంది, ఏ హద్దుతో పోల్చి అలా అంటున్నాం. ఏ మాత్ర దాన్ని పెంచుతుంది, ఏది తగ్గిస్తుంది. "మీ థైరాయిడ్ గ్రంథి సరిపడా పనిచేయడం లేదు. ఈ మాత్ర ఆ లోటు తీరుస్తుంది. మూడు నెలల తరువాత మళ్లీ రక్తపరీక్ష చేయించుకోండి." ఇంతకు మించి అక్కర్లేదు. మెథోట్రెక్సేట్ రాసినప్పుడైతే, వారానికి ఒక్కరోజే అని ఆ రోజు పేరు తెలుగులో రాసి, రోగితో పైకి చదివించండి. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు ప్రపంచమంతటా ఉన్నారు.